మన్నించే కర్ర: గోల్ఫు డ్రైవరును అంచనా కట్టటం ఎట్లా?

శ్రీరాంపూర్ బొగ్గు బావులలో పని మొదలు కాకముందు సర్దారు పైకప్పును తట్టి చూస్తాడు. ఒక చేతిలో కర్రగాని ఇనుప కడ్డీగాని ఉంటుంది. కప్పు చేతికందే ఎత్తయితే రెండవ అరచెయ్యి దానికి ఆనించి ఉంటుంది. తట్టినప్పుడు ఖంగుమని మోగితే రాయి గట్టిగా పట్టుకొని ఉన్నదని గ్రహిస్తాడు. డొల్లగా మోగినా, ఆనించిన అరచేతికి అదురు తగిలినా, పొర విడిపోయి వేలాడుతున్నదని అనుమానిస్తాడు. చదువు లేని కూలీ కూడ పాతవారి దగ్గర మొదట నేర్చుకొన్న శాస్త్రం ఇదే.

ఈ చిన్న పరీక్షలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి. ఒక వస్తువు తన పని ఎంత బాగా చేస్తున్నది? చేతికి, చెవికి తెలిసే సంగతిని ఎంతవరకు నమ్మవచ్చును? ఎక్కడైనా పొరపాటు జరిగితే ఆ వస్తువు ఎంతవరకు మన్నిస్తుంది? బొగ్గు బావికి ఎంతో దూరాన పచ్చికబయళ్ళలో ఆడే గోల్ఫు ఆటలో కూడ, కర్రలను అమ్మేవారు, కొనేవారు, వాటిపై సమీక్షలు వ్రాసేవారు ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంటారు. ఆటగాళ్ళ భాషలో వీటి పేర్లు పనితనం, స్పర్శ, మన్నింపు. మూడింటిని కలగలిపి ఒకే మార్కు వేయటం ఈ సమీక్షలలో ఉన్న పెద్ద లోపం. మూడింటికీ ఆధారమైన భౌతికశాస్త్ర సూత్రాలు వేరు వేరు గనుక, వాటిని విడదీసి చూడటం అవసరం.

కర్ర స్వరూపం

తెలుగునాట గోల్ఫు కొందరికే పరిచయమైన ఆట. హైదరాబాదులో గోల్కొండ కోటలోని నయా ఖిల్లా దగ్గర, విశాఖపట్నంలో సముద్రతీరానికి చేరువలో మైదానాలు ఉన్నవి. కాని ఆ ఆటను చూడనివారు కూడ డ్రైవరును ఊహించుకొనటం కష్టం కాదు. చిర్రగోనె ఆడిన ప్రతివాడికీ గోనె సంగతి తెలుసును. చిర్రను దూరంగా కొట్టవలెనంటే గోనె మరీ తేలిక కారాదు, మరీ బరువు కారాదు; తగలవలసిన చోట తగలవలెను. డ్రైవరు కూడ అట్టి గోనెయే. ఆటగాడి సంచిలో బంతిని అందరికంటె దూరం పంపే కర్ర అది. సుమారు 45 అంగుళాల సన్నని కాడ, దాని చివర సుమారు 200 గ్రాముల తల, తలకు ముందు కొంచెం వెనుకకు వాలిన ముఖం — ఇదే దాని రూపం. బంతి బరువు నియమాల ప్రకారం 45.93 గ్రాములకు మించరాదు.

ఒకప్పుడు ఈ తలను పెర్సిమన్ అనే అమెరికా చెట్టు కొయ్యతో చెక్కేవారు. మంచిర్యాల అడవులలో బీడీలకు ఆకునిచ్చే తునికి చెట్టు, ఈ పెర్సిమన్ ఒకే ప్రజాతికి చెందినవి; రెంటినీ వృక్షశాస్త్రజ్ఞులు డయోస్పైరోస్ అంటారు. ఆ కొయ్య గట్టిది, బిగువైనది. 1979లో గ్యారీ ఆడమ్స్ అనే అమెరికన్ స్థాపించిన టేలర్‌మేడ్ సంస్థ ఉక్కు డ్రైవరును తెచ్చింది. లోపల బోలుగా ఉండే తల అది. 1991లో క్యాలవే సంస్థ బిగ్ బెర్తా అనే పెద్ద ఉక్కు తలను, 1995లో అంతకంటె పెద్దదైన టైటానియం తలను విడుదల చేసింది. తల పరిమాణం పెరుగుతూ పోగా, 2004లో నియమకర్తలు 460 ఘన సెంటీమీటర్ల హద్దు విధించారు.

200 గ్రాముల వస్తువు 460 ఘన సెంటీమీటర్ల చోటును ఆక్రమిస్తే దాని సగటు సాంద్రత నీటి సాంద్రతలో సగం కూడ ఉండదు. లోహంతో చేసిన ఈ తల, నీరు లోనికి పోకుండ ఉంటే, కొబ్బరి బొండం వలె నీటిపై తేలుతుంది. ఉన్న కొద్దిపాటి బరువును ఒకచోట ముద్దగా ఉంచక పలుచని పెంకుగా దూరదూరంగా పరచటమే ఈ నలభై యేళ్ళ మార్పులోని రహస్యం. మంచి చెడ్డలన్నీ అక్కడినుండే పుట్టినవి.

మొదటి ప్రశ్న: బంతికి ఎంత వేగం?

కర్ర ముఖం, బంతి తాకి ఉండే కాలం అర మిల్లీసెకను కంటె కొంచెం తక్కువ. అనగా సెకనులో రెండువేలవ వంతు కూడ కాదు. ఇంత కొద్ది వ్యవధిలో చేతుల బలం సన్నని కాడగుండా వచ్చి తలను నెట్టటానికి అవకాశం లేదు. తాకిడి సమయంలో తల, చేతినుండి విడిపోయి గాలిలో ఎగిరివచ్చిన రాయివలెనే ప్రవర్తిస్తుంది. అందువలన ఇంటర్మీడియేట్ విద్యార్థి నేర్చే అభిఘాత సూత్రమే ఇక్కడ చాలును. బంతి వేగం తెలియటానికి తల వేగాన్ని (1 + ప్రత్యావస్థాన గుణకం)తో గుణించి, (1 + బంతి ద్రవ్యరాశి ÷ తల ద్రవ్యరాశి)తో భాగించవలెను. ముఖం వాలును ఇక్కడ లెక్కలోనికి తీసుకొనలేదు.

నేటి డ్రైవరుకు ప్రత్యావస్థాన గుణకం సుమారు 0.83. తల 200 గ్రాములు, బంతి 45.93 గ్రాములు అయితే ఫలితం 1.83 ÷ 1.23, అనగా సుమారు 1.49. బలమైన ఆటగాడు తలను సెకనుకు 45 మీటర్ల వేగంతో ఊపితే బంతి సెకనుకు 67 మీటర్ల వేగంతో, గంటకు 240 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో బయలుదేరుతుంది. కొట్టిన తలకంటె కొట్టబడిన బంతి వేగంగా పోవటంలో వింత ఏమీ లేదు. తల బంతికంటె నాలుగు రెట్లకు పైగా బరువైనది.

అయితే తల బరువు ఇంకా పెంచరాదా? 250 గ్రాములు చేస్తే పై గుణకం 1.49 నుండి 1.55కు చేరుతుంది. లాభం నూటికి నాలుగు పాళ్ళు. కాని బరువైన కర్రను అదే వేగంతో ఊపగల చెయ్యి ఏది? ఊపు నూటికి నాలుగు తగ్గిన క్షణాన లాభం సున్న. చిర్రగోనె ఆడే పిల్లలు రోకలిని గోనెగా ఎందుకు ఎన్నుకొనరో ఈ లెక్క చెబుతుంది.

రెండవ మార్గం ప్రత్యావస్థాన గుణకాన్ని పెంచటం. తాకిడిలో శక్తి ముఖ్యంగా బంతి నలగటంలో నష్టమవుతుంది. ముఖం పలుచని టైటానియం రేకుగా ఉంటే అది కొంచెం లోనికి వంగి, తిరిగి నిలుస్తుంది. ముఖం వంగిన మేరకు బంతి తక్కువగా నలుగుతుంది, నష్టం తగ్గుతుంది. కొయ్య తలలకు గుణకం సుమారు 0.78 అనుకొంటే, 0.83కు పెరగటం వలన బంతి వేగం నూటికి 2.8 పాళ్ళు పెరిగింది. ఇది నిజమైన ప్రగతి. కాని ఈ దారికి కూడ హద్దు పడినది. 2004 నుండి ముఖం వంగి నిలిచే గుణాన్ని ఒక లోలకపు పరీక్షతో కొలుస్తున్నారు. ఉక్కు గుండు ముఖాన్ని తాకి ఉండే కాలం 239 మైక్రోసెకనులకు, సడలింపుతో కలిపి 257 మైక్రోసెకనులకు మించరాదు.

ఇక్కడ విమర్శకుడు ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. పేరుపొందిన కర్రలన్నీ ఈ హద్దు దరిదాపులకు చేరి చాలాకాలమైనది. గుణకం 0.82 నుండి 0.83కు పెరిగినా బంతి వేగంలో తేడా నూటికి అర పాలు మాత్రమే. కనుక “ఈ యేటి కర్ర నిరుటి కర్రకంటె ఎంతో దూరం కొడుతుంది” అన్న ప్రకటన, ముఖం నడుమ తగిలిన దెబ్బ విషయంలో నమ్మదగినది కాదు. దూరం పెరిగితే అది కాడ పొడవువల్లనో, ముఖపు వాలు ఆ ఆటగాడి ఊపుకు సరిపడటం వల్లనో పెరిగి ఉండవలెను. నెమ్మదిగా ఊపేవారికి ఎక్కువ వాలు కావలెను. లేకుంటే బంతి గాలిలో నిలువక త్వరగా దిగిపోతుంది. ఛాంపియన్ వాడే తక్కువ వాలు కర్రనే తామూ కొనేవారు డబ్బిచ్చి దూరాన్ని పోగొట్టుకొంటున్నారు.

రెండవ ప్రశ్న: చేతికి తెలిసేది ఏమి?

సమీక్షలలో అన్నిటికంటె తియ్యని మాటలు స్పర్శను గురించి కనబడతవి. “వెన్నలో కత్తి దిగినట్లున్నది”, “చేతికి ప్రాణం వచ్చినట్లున్నది” అన్న ధోరణి అది. ఈ మాటల వెనుక సత్యం లేకపోలేదు. కాని ఆ సత్యం ఆటగాడు అనుకొనే చోట లేదు.

అరచేతిలో పుట్టిన వార్త మెదడుకు చేరటానికి సుమారు 20 మిల్లీసెకనులు పడుతుంది. బంతి తాకి ఉండే కాలం అందులో నలభైయవ వంతు. వార్త చేరే వేళకు బంతి కర్రను వదలి మీటరుకు పైగా దూరం పోయి ఉంటుంది. కాబట్టి స్పర్శ ఆ దెబ్బను దిద్దలేదు. అది జరిగిపోయిన సంగతిని తెలిపే ఉత్తరం మాత్రమే. ఉత్తరం విలువ అందులోని సమాచారాన్నిబట్టి ఉంటుంది గాని, వ్రాత అందాన్నిబట్టి కాదు.

ఇంకొక చిత్రం ఏమనగా, ఆ ఉత్తరంలో అధికభాగం చేతిగుండా గాక చెవిగుండా వస్తుంది. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2005లో ప్రకటించిన పరిశోధనలో, ఆటగాళ్ళు స్పర్శ అని చెప్పే అనుభవానికీ దెబ్బ శబ్దానికీ గట్టి సంబంధం కనబడింది. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. సంతలో కుండను కొనే ఇల్లాలు వేలితో తట్టి చెవి ఒగ్గుతుంది. చేతితో తట్టినా తీర్పు చెప్పేది చెవియే. బోలు టైటానియం తల కూడ ఒక కుండయే. దాని అడుగు, పైకప్పు, ముఖం వేరు వేరు పౌనఃపున్యాలతో కంపిస్తవి. అడుగుభాగం పెద్దదై పలుచనైతే రేకుడబ్బా మోత వస్తుంది. అందుచేత తయారీదారులు లోపల సన్నని పక్కటెముకలవంటి పట్టీలు పోసి, కంపనాల పౌనఃపున్యాన్ని పెంచి, ఇంపైన శబ్దం వచ్చేటట్లు సవరిస్తున్నారు. శబ్దం సవరించినంత మాత్రాన బంతి వేగం పెరగదు. ఇంపైన మోతను విని “గట్టి దెబ్బ” అనుకొనటం, మేళం బాగున్నదని పెండ్లి సంబంధం మెచ్చుకొనటం వంటిది.

మరి స్పర్శ నిరుపయోగమా? కాదు. బంతి ముఖం నడుమ తగిలిందా, చివర తగిలిందా అన్నది చేతికి, చెవికి వెంటనే తెలుస్తుంది. చివర తగిలితే తల మెలితిరుగుతుంది, మోత మారుతుంది, పిడిలో అదురు పుడుతుంది. క్రికెట్ బ్యాటు కొనకు బంతి తగిలినప్పుడు చేతులు జిల్లుమనటం శ్రీరాంపూర్ ప్రగతి మైదానంలో ఆడే కుర్రవాడికి కూడ తెలిసినదే. ఆ జిల్లుమనటమే గురువు. నేర్చుకొనేవాడు పది దెబ్బలలో ఏది ఎక్కడ తగిలిందో చూడకుండ చెప్పగలిగితే వాని చెయ్యి చదువుకొన్నదన్న మాట. ఈ దృష్టితో చూస్తే మంచి స్పర్శగల కర్ర అంటే హాయినిచ్చేది కాదు. మంచి దెబ్బకూ చెడ్డ దెబ్బకూ భేదం స్పష్టంగా తెలిపేది. సమీక్షలలో ఈ రెండు అర్థాలూ కలిసిపోయి ఉన్నవి. సర్దారు కప్పును తట్టేది మధురమైన నాదం కోసం కాదు, భేదం కోసం.

సర్దారు పరీక్షకు కూడ హద్దున్నది. కప్పుకు దగ్గరలో విడిపోయిన పొరను శబ్దం పట్టి ఇస్తుంది. అంతకు ఎంతో పైన పొర విడిపోయి, దాని కింద మందపాటి గట్టి రాయి ఉంటే, తట్టినప్పుడు మంచి శబ్దమే రావచ్చును. అందుచేతనే కప్పులో రంధ్రం తొలిచి, లోపలి పొరల కదలికను మిల్లీమీటర్లలో చూపే టెల్‌టేల్ అనే సాధనాన్ని గనులలో వాడుతున్నారు. అనుభవజ్ఞుడైన చెవిని అది అవమానించదు; ఆ చెవికి అందని చోటును చూపుతుంది. స్పర్శకూ కొలతకూ ఉండవలసిన సంబంధం అదే.

మూడవ ప్రశ్న: ఎంతవరకు మన్నింపు?

ముఖం నడుమ కాక రెండు సెంటీమీటర్లు పక్కగా బంతి తగిలిందని అనుకొందాము. అప్పుడు తల వెనుకకు నెట్టబడటమే గాక తన ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతుంది కూడ. తిరగటానికి పోయిన శక్తి బంతికి దక్కదు. లెక్కకు సులువుగా ఉండటానికి, ఆ చోట తల తన నిజమైన బరువుకంటె తేలికగా ప్రవర్తిస్తుందని చెప్పవచ్చును. ఎంత తేలిక అన్నది జడత్వ భ్రామకాన్నిబట్టి ఉంటుంది. బరువు కేంద్రానికి దూరంగా పరచి ఉన్నకొద్దీ జడత్వ భ్రామకం హెచ్చు, మెలితిరగటం తక్కువ. నిండు కడవలను కావడికి రెండు కొనల కట్టుకొని నడిచేవాడు చటుక్కున పక్కకు తిరగలేకపోవటం ఇందుకు ఉదాహరణ.

తల బరువు 200 గ్రాములే ఉంచి మూడు రకాల తలలను పోల్చవచ్చును. పాత కొయ్య తలకు జడత్వ భ్రామకం సుమారు 2000 గ్రాము-చదరపు సెంటీమీటర్లు అనుకొంటే, రెండు సెంటీమీటర్ల పక్కన అది 143 గ్రాముల తలవలె ప్రవర్తిస్తుంది. బంతి వేగం నడిమి దెబ్బకంటె నూటికి 6.9 పాళ్ళు తగ్గుతుంది. 5000 గల పెద్ద టైటానియం తల అదే చోట 172 గ్రాముల తలవలె ఉంటుంది; నష్టం నూటికి 2.9 పాళ్ళు. 5900 గల తల 176 గ్రాములవలె ఉంటుంది, నష్టం 2.5 పాళ్ళు. ముఖం అంచువైపు స్థితిస్థాపకత తగ్గటం వలన కలిగే నష్టం దీనికి అదనం. అది ఈ లెక్కలో చేరలేదు.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే తీర్పు తానే వస్తుంది. 2000 నుండి 5000కు వచ్చిన మొదటి అంగలో నూటికి నాలుగు పాళ్ళు మిగిలినవి. 5000 నుండి 5900కు వచ్చిన రెండవ అంగలో మిగిలినది అర పాలు కూడ కాదు. కొయ్యనుండి పెద్ద లోహపు తలకు మారినవాడు నిజంగా లాభపడినాడు. పెద్ద లోహపు తలనుండి మరి కొంచెం మన్నింపుగల తలకు మారినవాడు డబ్బును మాత్రమే మార్చుకొన్నాడు. కొత్త డ్రైవరు అమెరికాలో వందల డాలర్ల ధర పలుకుతున్నదని గుర్తుంచుకొంటే ఈ అర పాలు ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

పదివేల సంఖ్య

2024లో పింగ్, టేలర్‌మేడ్ సంస్థలు జడత్వ భ్రామకం “పదివేలు” దాటిన డ్రైవర్లను ప్రకటించినవి. ఈ సంఖ్యను చూచి, నియమాలలోని హద్దు 5900 — సడలింపుతో 6000 — కదా, పదివేలు ఎట్లా సాధ్యమని ఎవరికైనా సందేహం రావలెను. సమాధానం ఏమనగా, అది రెండు జడత్వ భ్రామకాల మొత్తం. నిలువు అక్షం చుట్టూ తల కుడియెడమలకు తిరగటానికి ఒకటి, అడ్డ అక్షం చుట్టూ పైకి కిందికి వాలటానికి మరొకటి. నియమం హద్దు విధించినది మొదటిదానికి మాత్రమే. ఆ సంస్థలు మొత్తమనే చెప్పినవి, అబద్ధమాడలేదు. అడ్డ అక్షపు భ్రామకాన్ని పెంచటంలో వారి నేర్పు కూడ మెచ్చదగినదే. ముఖం పైభాగాన, కిందిభాగాన తగిలిన దెబ్బలకు దానివలన మేలున్నది. లోపం ఏమంటే, ఆ మొత్తం ఏ ఒక్క దెబ్బనూ వర్ణించే రాశి కాదు. పక్కకు తగిలిన దెబ్బకు మొదటి భ్రామకం, పైకి తగిలిన దెబ్బకు రెండవ భ్రామకం పనిచేస్తవి. ఇంటి పొడవును, వెడల్పును కూడి “మా ఇల్లు నూరు అడుగులు” అంటే గది వైశాల్యం తెలియనట్లే ఇదీను.

చదువుకొన్న విద్యార్థి ఇక్కడ లంబాక్ష సిద్ధాంతాన్ని గుర్తుచేయవచ్చును. రెండు అక్షాల భ్రామకాలను కూడితే మూడవ అక్షపు భ్రామకం వస్తుందని ఆ సిద్ధాంతం చెబుతుంది గదా అని. అది పలుచని సమతల పలకకే వర్తిస్తుంది. వెనుకకు అరచేయి పొడవున సాగిన బోలు తలకు వర్తించదు. వర్తించినా, ఆ మూడవ అక్షం బంతి పోయే దిశలోనిది. దానిచుట్టూ తల తిరగటం ఆటగాడిని బాధించే తప్పు కాదు.

ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. మన్నింపు అన్నది బంతి తప్పు చోట తగిలినందుకే గాని, ముఖం తప్పు దిక్కుకు చూచినందుకు కాదు. డ్రైవరుతో కొట్టిన బంతి బయలుదేరే దిశ అధికంగా ముఖం చూచే దిశనుబట్టి ఉంటుంది. ముఖం మూడు డిగ్రీలు పక్కకు చూస్తుండగా బంతి నడుమ తగిలి ఆ దిక్కుననే పోయినా, రెండువందల మీటర్ల దూరాన అది పది మీటర్లు పక్కన పడుతుంది. గాలిలో వంపు తిరిగితే ఇంకా ఎక్కువ. జడత్వ భ్రామకం పదివేలయినా, లక్షయినా ఈ పది మీటర్లను తగ్గించలేదు. చాలామంది ఆటగాళ్ళ బంతులు పొదలలో పడటానికి కారణం ఈ రెండవ రకపు తప్పే. వారికి మన్నింపు పేరుతో కర్రను అమ్మటం, కంటిజబ్బుకు చెవిమందు ఇవ్వటమే.

మన్నింపు ఎక్కువైతే స్పర్శకు నష్టం లేదా అని ఆలోచించవలసి ఉన్నది. తల మెలితిరగటం తగ్గినకొద్దీ చేతికి చేరే ఉత్తరంలో అక్షరాలు మసకబారుతవి. పది దెబ్బలూ ఒకే తీరుగా తోస్తే నేర్చుకొనేవాడికి తన తప్పు తెలిసేదెట్లా? పూర్వపు కొయ్య కర్ర కఠినమైన గురువు. చిన్న తప్పుకు కూడ శిక్షించేది. అయితే ఆ కాఠిన్యానికి జడిసి ఆటనే వదలివేసినవారు కూడ ఉండకపోరు. వయస్సు మళ్ళినవారికి, వారానికొకసారి ఆడేవారికి మన్నించే కర్ర ఉల్లాసాన్ని నిలుపుతుంది. కనుక మన్నింపు గుణమా, దోషమా అన్నది కర్రలో లేదు. దానిని పట్టినవాని అవసరంలో ఉన్నది.

పరీక్షించే పద్ధతి

ఒక కర్రను న్యాయంగా అంచనా కట్టవలెనంటే మూడు పరీక్షలు వేరు వేరుగా జరుపవలెను.

మొదటిది యంత్రపరీక్ష. ఒకే వేగంతో, ఒకే దిశలో ఊపే యంత్రానికి కర్రను బిగించి, ముఖం నడుమ, రెండు పక్కల, పైన, కింద నిర్ణీత స్థానాలలో బంతిని కొట్టించి వేగం కొలవవలెను. ఇది కర్ర గుణాన్ని చెబుతుంది. మనిషిని గురించి చెప్పదు.

రెండవది మనిషి పరీక్ష. ఆటగాడికి కర్ర పేరు, ధర తెలియనీయకుండ, పాత కర్రను, కొత్త కర్రను మార్చి మార్చి ఇచ్చి, ఒక్కొక్కదానితో కనీసం ముప్పయి దెబ్బలు కొట్టించవలెను. ముఖానికి సుద్దపొడి రాస్తే బంతి ఎక్కడ తగిలిందో గుర్తు పడుతుంది. అన్నిటికంటె దూరం పోయిన ఒక్క దెబ్బను లెక్కించటం కొనుగోలుదారులు చేసే సామాన్యమైన తప్పు. సగటు ఎంత, సగటు చుట్టూ బంతులు ఎంత చెదిరినవి అన్న రెండు సంఖ్యలూ కావలెను. సగటు పనితనాన్ని, చెదురు మన్నింపును చూపుతవి.

మూడవది స్పర్శ పరీక్ష. చెవులలో దూది పెట్టుకొని కొట్టి, ప్రతి దెబ్బ ఎక్కడ తగిలిందో ఆటగాడు చెప్పవలెను. తరువాత సుద్ద గుర్తుతో సరిచూడవలెను. దూది తీసి మరల చేస్తే, వాని తీర్పులో చేతి వాటా ఎంతో, చెవి వాటా ఎంతో విడిపోతుంది.

గోల్ఫు కర్ర దొరకని కళాశాలలో కూడ ఈ విద్యను నేర్పవచ్చును. క్రికెట్ బ్యాటును పిడి చివర రెండు వేళ్ళతో వదులుగా పట్టి వేలాడదీసి, బంతితో పలకపై పైనుండి కిందికి తడుతూ పోతే, ఒకచోట వేళ్ళకు అదురు తెలియదు. అది కంపనపు నిశ్చల స్థానం. అదే బ్యాటును మేకుకు లోలకంగా తగిలించి ఇరవై ఊపులకు పట్టిన కాలం చూచి, దాని బరువును, మేకునుండి ద్రవ్యరాశి కేంద్రపు దూరాన్ని కూడ కొలిస్తే, దాని జడత్వ భ్రామకాన్ని గణించవచ్చును. ఒక తాడు, ఒక మేకు, ఒక గడియారం, ఒక త్రాసు, ఒక కొలబద్ద — ఇంతకు మించిన సామగ్రి అక్కరలేదు. సుద్దపొడి రాచిన బ్యాటుతో సాయంత్రం ఆట ఆడి వచ్చిన కుర్రవాడు, తాను ఎక్కడ కొడుతున్నానని అనుకొంటున్నాడో, నిజంగా ఎక్కడ కొడుతున్నాడో పోల్చి చూచుకొంటే ప్రయోగశాలలో నేర్చిన పాఠానికి ప్రాణం వస్తుంది.

తీర్పు

నేటి డ్రైవరు గొప్ప ఇంజనీరింగు వస్తువు. పనితనంలో అది సాధించవలసినది ఇరవై యేళ్ళ క్రిందటనే చాలావరకు సాధించింది. స్పర్శలో అది శబ్దాన్ని అందంగా దిద్దుకొన్నది గాని, ఆ అందం వేగానికి సాక్ష్యం కాదు. మన్నింపులో అది కొయ్య కర్రను ఎంతో వెనుక వదిలింది. కాని ఇప్పుడు వేస్తున్న అడుగులు చిన్నవి, వాటిని వర్ణించే అంకెలు పెద్దవి. పాత లోహపు కర్ర చేతిలో ఉన్నవాడు దానినే ఉంచుకొని, ముఖపు వాలు తన ఊపుకు సరిపోయినదా లేదా అని చూచుకొనటం మేలు.

ఆటలో తీర్పు తప్పితే ఒక బంతి పొదలలో పోతుంది, కొంత డబ్బు దండుగవుతుంది. గనిలో తప్పితే పోయేది ప్రాణం. అందుచేత గని ఈ మూడింటిలో ఏ ఒక్కదానినీ ఒంటరిగా నమ్మదు. సర్దారు తట్టి వింటాడు. టెల్‌టేల్ మిల్లీమీటర్లను చూపుతుంది. ఆ రెండూ చెప్పలేని దానికోసం, లెక్కకు వచ్చిన బరువుకంటె ఎక్కువ మోయగల బోల్టులను కప్పుకు బిగిస్తారు. ఆ అదనపు బలాన్ని ఇంజనీర్లు భద్రతా గుణకం అంటారు. గోల్ఫు ఆటగాడి మాటలో చెబితే అది మన్నింపు. కాని బోల్టు బిగించి ఉన్నదని సర్దారు తట్టటం మానడు. తట్టి చూడటం మానివేసిననాడు ఎంతటి మన్నింపయినా చాలదు.